నక్షా జంగయ్య నీళ్ల సీసా

సికింద్రాబాద్ స్టేషన్‌కి చిలకలగూడ వైపు గేటు బయట టాక్సీలు నిలబడే చోట, జంగయ్యని ఉత్త జంగయ్య అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు. నక్షా జంగయ్య అనేవారు. తొందరలో ఉంటే వట్టి నక్షా. ఊళ్లూ దారులూ గీసిన పటాన్ని నక్షా అంటారు కదా, తెలంగాణ పది జిల్లాల నక్షా ఆయన నెత్తిలో మడతపెట్టి ఉందని స్టాండు మొత్తానికీ నమ్మకం. ఎంత మారుమూల ఊరికి పోవాలన్నా ఆయన ఎవర్నీ దారి అడగడు. అదీ ఆయన గొప్ప.

ఆ పేరు ఎలా వచ్చిందో ఇంట్లో భార్య పుష్పమ్మకి తెలుసు. ఎనిమిదేళ్ల కిందట ఒక పెద్దమనిషి రైలు దిగి, మెదక్ జిల్లాలో బస్సు కూడా పోని ఒక ఊరి పేరు చెప్పాడు. స్టాండులో అందరూ తల అడ్డంగా ఊపారు. జంగయ్య మాత్రం తలుపు తీసి కూర్చోమన్నాడు. దారిలో ఒక్కర్ని అడక్కుండా, సరాసరి ఆయన ఇంటి అరుగు ముందు బండి ఆపాడు. మళ్లీ వచ్చినప్పుడు ఆ పెద్దమనిషి స్టాండులో నలుగురూ వినేలా మెచ్చుకున్నాడు. ఆ ఊరు పుష్పమ్మ పుట్టింటికి పక్క ఊరనీ, పెళ్లయిన నాటి నుంచీ ఏడాదికి నాలుగుసార్లు ఆ బాటలోనే పోయివస్తున్నాననీ జంగయ్య అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు. పొగడ్త వింటూ నిలబడ్డ మనిషికి అలాంటివి గుర్తు రావు. పుష్పమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండు రోజులు నవ్వింది.

పేరంటూ వచ్చాక నిలబెట్టుకోవాలి కదా. నిజానికి లాలాగూడ, చిలకలగూడ, రాంగోపాల్‌పేట గల్లీల్లో ఆయన కళ్లు మూసుకుని బండి నడపగలడు. తండ్రి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనకి టిఫిన్ డబ్బా మోసిన రోజుల్లోనే ఆ సందులన్నీ కాళ్లకి అలవాటయ్యాయి. కానీ శామీర్‌పేట చెరువు దాటితే నెత్తిలో ఉన్న నక్షా అయిపోతుంది. అక్కణ్నుంచి అంతా తెల్లకాగితం.

అందుకని ఆయన ఒక నీళ్ల సీసా పెట్టుకున్నాడు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా, నీలం మూతది, ఎప్పుడూ సీటు కిందే ఉంటుంది. తెలియని చీలిక వచ్చిందంటే బండి పక్కకి ఆపి, ఇంజన్ గరం అయింది, జెర నీళ్లు పోసి వస్తనని సీసా పట్టుకుని దిగేవాడు. బోరింగు దగ్గరో హోటల్ దగ్గరో సీసా నింపుకుంటూ, పెదవులు కదిలీ కదలకుండా దారి కనుక్కునేవాడు. తిరిగి వచ్చి బానెట్ ఎత్తి, నీళ్లు నేల మీద పారబోసి, ధన్‌మని మూసి, కూర్చుని, రవ్వంత కూడా తడుముకోకుండా సరైన దారిలోకి తిప్పేవాడు. బండిని ఇంత ప్రాణంగా చూసుకునే డ్రైవర్ని చూడలేదని వెనక సీట్లో వాళ్లు అనుకునేవారు. ఆ తెల్ల క్వాలిస్ మాత్రం కొన్న నాటి నుంచీ ఒక్కసారి కూడా వేడెక్కిన పాపాన పోలేదు. నోరుంటే ఏమనేదో.

సాఫ్ట్‌వేర్ మంచి ఊపు మీదున్న రోజులవి. రాంగోపాల్‌పేటలో స్టీలు సామాన్ల దుకాణం పైన ఒక కంపెనీ వెలిసింది. కంప్యూటర్లో నక్షాలు తయారుచేస్తుందట. వాళ్లకి మూడు రోజులు పల్లెలు తిరగడానికి ఒక బండీ, దారులు తెలిసిన ఒక డ్రైవరూ కావాలి. పని నచ్చితే ఏడాదంతా నెలనెలా అదే బండిని పెట్టుకుంటారట. కంపెనీ మనిషి స్టాండులోకి వచ్చి అడిగితే పదిమంది వేళ్లూ ఒక్కడి వైపే చూపించాయి.

పక్క బండి హరికిషన్‌కి మాత్రం ఎప్పటి నుంచో లోపల ఒక అనుమానం ఉంది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "నక్షాలు గీసెటోళ్లే మన నక్షాను పిలుస్తుండ్రు. ఇగ చూడు, మూడు దినాల్ల ఒక్క తొవ్వ తప్పినా పేరు వాపస్ ఇయ్యాలె" అన్నాడు. అందరూ నవ్వారు. జంగయ్యా నవ్వాడు, కానీ ఆ రాత్రి అన్నం సయించలేదని పుష్పమ్మ తర్వాత చెప్పింది.

కంపెనీ తరఫున వచ్చిన పిల్ల పేరు లోవలక్ష్మి. తుని దగ్గర ఊరు, చదువయ్యాక సిటీకి వచ్చి నాలుగేళ్లయింది. ల్యాప్‌టాప్ సంచిని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని ముందు సీట్లో కూర్చుంది. "నమస్తే జంగయ్య గారూ" అంది. ఆ బండిలో ఆయన్ని గారూ అన్నవాళ్లు అంతకుముందు లేరు. వెనక ఇంకెవరైనా ఎక్కారేమోనని జంగయ్య ఒకసారి తిరిగి చూసుకున్నాడు.

ఆమె సంచిలోంచి సబ్బుబిళ్లంత నల్లటి వస్తువొకటి తీసింది. దానికి ఎలకతోకలా పొడుగాటి వైరు. కింద అయస్కాంతం ఉందేమో, కిటికీలోంచి చెయ్యి చాచి బండి టాపు మీద పెడితే టక్కున అతుక్కుంది. తోక చివర ల్యాప్‌టాప్ పక్కన దోపింది. తెర మీద ఎనిమిది గీతలు, బూడిదరంగులో, పొట్టిగా వచ్చాయి. ఇంక ఊరికే కూర్చున్నారు. ఎందుకు ఆగామని జంగయ్య అడిగితే, పైనుంచి వినబడాలండి అంది.

ఏం వినబడాలో ఆమె ఓపిగ్గా చెప్పింది. చాలా ఎత్తున, మన కంటికి ఆననంత ఎత్తున శాటిలైట్లు తిరుగుతున్నాయి. అవన్నీ ఎప్పుడూ టైమెంతో చెబుతూనే ఉంటాయి. ఈ సబ్బుబిళ్ల వాటితో ఏమీ మాట్లాడదు, వింటుందంతే. ఏ మాట ఎంత ఆలస్యంగా చేరిందో లెక్క కట్టుకుని, తానున్న చోటు తానే కనిపెడుతుంది.

జంగయ్యకి ఇల్లు గుర్తొచ్చింది. చిలకలగూడలో మంచం మీద పడుకుంటే స్టేషన్ మైకు మాట ఒకటే రెండుసార్లు వినబడుతుంది, దగ్గర ప్లాట్‌ఫారం నుంచి ముందు, దూరం దాన్నించి ఆ వెంటనే. ఆ తేడాని బట్టి తన మంచం ఎక్కడుందో కనిపెట్టవచ్చని యాభై ఏళ్లలో ఆయనకి ఒక్కసారీ తోచలేదు. ఈ సబ్బుబిళ్లకి తోచింది. తల బయటికి పెట్టి పైకి చూశాడు. ఎండ, ఒక గద్ద, అంతే. ఈలోగా తెర మీద గీతలు ఒక్కొక్కటే ఆకుపచ్చగా లేచి నిలబడ్డాయి.

తిరుమలగిరి దాటాక గమనించాడు. తెర మీద ఒక చుక్క నడుస్తోంది. తాను ఎడమకి తిప్పితే ఎడమకి, కుడికి తిప్పితే కుడికి. హకీంపేట అవతల ఖాళీ జాగా చూసి బండి పక్కకి తీశాడు. మొహమాటపడుతూనే, "మేడం, జెర దాని మీదికెల్లి చేతులు తీయుండ్రి" అన్నాడు. ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వకుండా రెండు చేతులూ పైకెత్తింది. జంగయ్య రివర్సు గేరు వేసి యాభై గజాలు వెనక్కి పోయాడు. చుక్క కూడా బుద్ధిగా వెనక్కి నడిచింది. ఆయన స్టీరింగ్ వదిలేసి, రోజూ పొద్దున్నే అద్దం దగ్గర వేలాడే పోచమ్మ బొమ్మకి పెట్టినట్టు, ఆ తెరకి దండం పెట్టాడు. లోవలక్ష్మి ఎత్తిన చేతులు ఇంకా దించలేదు.

పెద్ద రోడ్డు వదిలి పల్లెల వైపు తిరిగాక ఇంకో వింత. తెర మొత్తం తెల్లగా అయిపోయింది. రోడ్లేవని అడిగితే, వాటిని గీయడానికే కదండీ మనం వచ్చింది అందామె. అప్పుడు చూశాడు సరిగ్గా. బండికి ముందు ఏమీ లేదు. బండి వెనక మాత్రం సన్నటి గీత మొలుస్తోంది. తాను నడిపితేనే అక్కడ రోడ్డు ఉంటోంది. ఇరవై రెండేళ్లుగా ఆయన తొక్కిన దారుల్లో ఒక్కటీ ఆయన వెనక గుర్తుగా మిగల్లేదు. టైరు అచ్చు మీద ఇంకో టైరు ఎక్కేసేది. ఇప్పుడిది మిగులుతోంది. అప్పటి నుంచి మలుపుల్ని మెల్లగా, గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు, గీత అందంగా రావాలని. ఒకచోట బర్రె అడ్డం వస్తే విసురుగా కోయవలసి వచ్చింది. తెర మీద ఆ వంకర చూసి ప్రాణం ఉసూరుమంది. దాన్ని చెరపడానికి వీలవుతుందా అని రెండుసార్లు అడిగాడు.

అయినా చీలికలు వచ్చినచోట చేసేది చేస్తూనే ఉన్నాడు. ఇంజన్ గరం అయింది మేడం, జెర నీళ్లు పోసి వస్త. సీసా, బోరింగు, గుసగుస, బానెట్, ధన్. ఆమె పాపం ప్రతిసారీ తల ఊపి, ఒళ్లో తెర చూసుకుంటూ కూర్చునేది.

సాయంత్రం సిద్దిపేటలో లాడ్జి కింద హోటల్లో టీ తాగుతుండగా ఆమె ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. పొద్దుటి నుంచి వాళ్లు వచ్చిన దారంతా ఒక్క గీతగా మెలికలు తిరిగి కనబడింది. జంగయ్యకి ఒళ్లు గగుర్పొడిచింది. అది తన చేతులు తిప్పిన తిప్పుడే. ఎవరో పైనుంచి కూర్చుని, పొద్దంతా తన ఒక్కడినే చూసి రాసినట్టుంది. అప్పుడే ఆ గీత మీద అక్కడక్కడ నల్లటి ముద్దలు కనబడ్డాయి, చీమల పుట్టల్లా. ఇవేందని అడిగాడు.

"మనం ఆగిన చోట్లండి. బండి ఆగినా ఇది ఆగదు, సెకనుకో చుక్క పెడతానే ఉంటాది. ఒకేచోట అటూ ఇటూ వణుకుతా ఉంటాది. అందుకే అలా పుట్టలా వస్తాది" అంది. వేలితో లెక్కపెట్టి చూపించింది. పదకొండు.

తర్వాత ఆమె మాట మెత్తబడింది. రోజూ ఆఫీసుకి రిపోర్టు రాయాలట. అందులో బండి ఎలా ఉందో కూడా రాయాలట. పదకొండుసార్లు వేడెక్కిందంటే ఇంజన్‌లో పెద్ద తేడానే ఉంటుంది, ఎండలో అన్నిసార్లు దిగి ఎక్కారు మీరు, చూడలేకపోయాను, రేపు పొద్దున ఫోన్ చేసి ఇంకో బండి పంపమంటాను, మీరు హాయిగా వెళ్లిపోండి అంది. నిజంగా జాలిపడే అంది. అదే జంగయ్యకి ఊపిరాడనివ్వలేదు.

ఒక్క దినం చూడుండ్రి మేడం, రేపు ఒక్కసారి సుత ఆగదు అని ఎలాగో ఒప్పించి బయటికి వచ్చాడు. క్వాలిస్ ముందు నిలబడ్డాడు. ఎనిమిదేళ్లలో ఎందరు ఎక్కారు, ఎందరు దిగారు, తాను ఎన్నిసార్లు ఆగాడో ఒక్కరూ లెక్కపెట్టలేదు. మనుషులు మరిచిపోతారు. టాపు మీది ఈ సబ్బుబిళ్ల మరిచిపోదు. బండి చెడ్డదంటే నెలనెలా పని పోతుంది. బండి మంచిదంటే, మరి పదకొండుసార్లు ఎందుకు దిగావని అడుగుతారు. అప్పుడు పేరు పోతుంది. పైకి చూశాడు. ఇంకా వెలుతురు ఉంది. ఆ ఎనిమిదీ ఎక్కడో ఆ నీలంలోనే ఉండి ఉంటాయి. సబ్బుబిళ్ల వాటితో ఏమీ మాట్లాడదని ఆమె అన్న మాట గుర్తుచేసుకుని కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు.

రెండో రోజు నిజంగానే ఆపలేదు. మొదటి చీలికలో దేవుడి మీద భారం వేసి ఎడమకి తిప్పాడు. ఆ దారి రెండు మైళ్లు పోయి కంకర మిషన్ దగ్గర ఆగిపోయింది. ఇది సుత నక్షాల ఉండాలె గదా మేడం అన్నాడు. ఆమె ఏదో టైపు చేసుకుంది. రెండో చీలికలో కుడికి తిప్పాడు. అది ఒక రైతు కళ్లంలోకి తీసుకుపోయింది. వడ్లు తూర్పారబడుతున్న ఆడవాళ్లు చేటలు ఆపేసి, తమ కళ్లంలోకి వచ్చిన కారుని పైనుంచి కింద దాకా చూశారు. ఒకామె ఎటు పోవాలె బిడ్డా అని తనంత తానే అడిగింది కూడా. జంగయ్య వినబడనట్టు రివర్సు తీశాడు.

ఇంకో గంట గడిచాక దూరంగా ఆకుపచ్చ రంగు వేసిన నీళ్లట్యాంకు కనబడింది. దాని గోడ మీద గేదెల దాణా ప్రకటన. పొద్దున చూసిన ట్యాంకే, పొద్దున చూసిన దాణాయే. తెర మీద గీత వంగి వంగి వచ్చి, తన తోకని తానే ముట్టుకుని సున్నా చుట్టింది. లోవలక్ష్మి తెర చూసింది, ట్యాంకు చూసింది, జంగయ్యని చూసింది.

వేరే ఎవరి ముందైనా ఆయన ఏదో ఒకటి అల్లేవాడే. కానీ నడిచిన దారంతా అక్కడ గీసి ఉండగా ఏం అల్లుతాడు. బండి ఆపాడు. సీటు కింద నుంచి సీసా తీసి ఆమెకీ తనకీ మధ్య నిలబెట్టాడు. స్టీరింగ్ వెనక చిన్న గడియారంలాంటిది చూపించాడు. వేడి చూపే ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది.

"ఈ ముల్లు ఎనిమిదేండ్ల సంది ఈడ్నే ఉంది మేడం. బండికి ఏ తక్లీఫ్ లేదు. తొవ్వలు తెల్వంది నాకు. సీసా పట్టుకొని దిగేది నీళ్లకు కాదు, అడగనీకి. రిపోర్టుల నా పేరు రాయుండ్రి. దీని పేరు ఖరాబు చెయ్యకుండ్రి."

చెప్పేసి, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. లోవలక్ష్మి ఆ సీసా నీలం మూత చూసింది. తర్వాత నిన్న మొదటిసారి దిగినప్పుడు ఎవర్ని అడిగారని అడిగింది.

బోరింగు కాడ ముసలామెను అని చెప్పాడు. ఆ ఊరు ఎర్రకుంట అని ఆ ముసలామె చెప్పిందట. ఎడమది నర్సంపల్లి పోతుంది, నడుమ వాగు, వానలప్పుడు దాటలేం అందట. రెండోది సైకిల్ దుకాణం, ఆ చౌరస్తాని గొల్లబండ అంటారు, రాసుండేది వేరే పేరు, పిలిచేది ఇదే. మూడోది కల్లు కాంపౌండు. చెబుతూ పోయాడు. అడిగింది గుర్తుంచుకుని బండి దాకా మోసుకురావడమే ఎనిమిదేళ్లుగా ఆయన పని. ఒక్క ఊరు పేరూ జారిపోలేదు. ఆమె వేళ్లు పరుగెత్తాయి. ఒక్కొక్క చీమల పుట్ట పక్కనా ఒక పేరు వెలుస్తుంటే జంగయ్య మెడ చాచి చూశాడు. నిన్న తన దొంగతనాన్ని పట్టిచ్చిన ముద్దలు ఇప్పుడు ఊళ్లుగా నిలబడ్డాయి, ఎర్రకుంట, గొల్లబండ, నర్సంపల్లి బాట.

"పైనున్నవి మనం ఎక్కడున్నామో చెప్తాయండి. ఆ చోటుని ఏటంటారో చెప్పవు" అంది. ప్రతిచోటా దిగి పేర్లు కనుక్కోమని ఆఫీసువాళ్లు ఆమెకే చెప్పారట. సిటీకి వచ్చిన కొత్తలో ఎవర్నో దారి అడిగితే తన యాసని వెక్కిరించి నవ్వారట. అప్పటి నుంచి కొత్తవాళ్లని ఏదైనా అడగాలంటే నోరు పెగలదట. నిన్నంతా పేర్ల దగ్గర ఖాళీ వదిలేసిందట. ఆ సంగతి రిపోర్టులో ఎలా దాచాలా అని రాత్రి నిద్రపోలేదట. జంగయ్య మొదటిసారి ఆమె మొహంలోకి నేరుగా చూశాడు. అటు ఆమె, ఇటు ఆయన, మధ్య నీళ్ల సీసా.

ఆ మధ్యాహ్నం నుంచీ మూడో రోజు సాయంత్రం దాకా ఇద్దరూ దిగారు. సీసా మాత్రం ఆయన చేతిలో ఉండవలసిందే, లేకపోతే ఆయనకి అడగడం వచ్చేది కాదు. జంగయ్య అడిగేవాడు, ఆమె పక్కన నిలబడి వినేది. నాలుగో ఊళ్లో ఆమే నోరు తెరిచి, ఈ ఊరి పేరేటండీ అంది. నవ్వినవాళ్లు లేరు. ఒకాయన అయితే చుట్టుపక్కల ఏడు తండాల పేర్లు చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపాడు. రిపోర్టులో బండి గురించి బాగుందని రాసింది. తిరుగుదారిలో శామీర్‌పేట చెరువు దగ్గర, వచ్చే నెల నిజామాబాద్ వైపు వెళ్లాలట, మీరే రావాలండి అంది. జంగయ్యకి అటు ఒక్క దారీ తెలియదు. ఆ మాటే చెప్పాడు. అందుకేనండి అందామె.

మూడోనాడు పొద్దు వాలుతుండగా చిలకలగూడ చేరారు. సబ్బుబిళ్ల ఇంకా టాపు మీదే ఉంది, తెర మీద చుక్క నడుస్తూనే ఉంది. స్టాండుకి దగ్గరదారని తన సొంత గల్లీలోకి తిప్పాడో లేదో జంగయ్య బ్రేకు తొక్కాడు. మోరీ కాలువ కోసం గల్లీ అడ్డంగా తవ్వేశారు. మూడు రోజుల కింద లేని గుంత. పక్క సందులోకి తిప్పితే అక్కడా మట్టికుప్ప. టిఫిన్ డబ్బా రోజుల నుంచీ కాళ్లకి తెలిసిన చోట, ఏ సందు తెరిచి ఉందో ఏది మూశారో ఆయనకి తెలియలేదు.

మట్టికుప్ప అవతల టీ బండి దగ్గర హరికిషన్, స్టాండువాళ్లు ఇంకో నలుగురూ నిలబడి ఉన్నారు. క్వాలిస్‌ని గుర్తుపట్టి, నక్షా వచ్చిండు అని ఎవరో అన్నారు. జంగయ్య చెయ్యి అలవాటుగా సీటు కిందికి పోయింది. సీసా తగిలింది. లోవలక్ష్మి తెర వైపే చూస్తూ కూర్చుంది. ఆగిన చుక్క అక్కడక్కడే వణుకుతూ పుట్ట పెట్టడం మొదలుపెట్టింది.

జంగయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అద్దం పూర్తిగా కిందికి దించి, తల బయట పెట్టి, నలుగురికీ వినబడేలా, స్టేషన్ వైపు తొవ్వ యాడికెల్లి ఉందని హరికిషన్‌ని అడిగాడు.

టీ బండి దగ్గర ఎవరూ గ్లాసు ఎత్తలేదు. హరికిషన్ దగ్గరికొచ్చి, కిటికీలోకి వంగి, ఆయన కళ్లలోకి చూశాడు.

"నక్షా, నువ్వడుగుతున్నవా? పేరు వాపస్ ఇస్తవా మరి?"

"ఇస్త," అన్నాడు జంగయ్య. "జెర ముందు తొవ్వ చెప్పు."

హరికిషన్ చెప్పాడు. వెక్కిరిద్దామని వచ్చినవాడు, బడి పక్క సందు నుంచి కల్లు దుకాణం వెనకగా ఎలా పోవాలో, రెండు చేతులూ ఊపుతూ, మలుపు మలుపూ వివరంగా చెప్పాడు. ఆ సందుల్ని ఏమంటారని లోవలక్ష్మి అడిగితే, ఉబ్బితబ్బిబ్బై అవి కూడా చెప్పాడు. జంగయ్య తల ఊపి, కిటికీలోంచి ఒక్కసారి పైకి చూశాడు. ఎర్రబడుతున్న ఆకాశంలో ఏమీ కనబడలేదు. అటువైపు తిరిగి చిన్నగా దండం పెట్టి, బండి కదిలించాడు. వెనక గీత మొలుస్తూ వచ్చింది.